5,000 డాలర్లలో 380 హెచ్‌పీ: యార్డులో దొరికే 5.3 వీ8ని పనికి తెచ్చుకునే పద్ధతి

అమెరికాలో పాత మస్టాంగో, 80ల నాటి షెవీ పికప్పో కొని గరాజ్‌లో పెట్టుకున్నవాళ్లకు ఏదో ఒక వారాంతం ఈ ఆలోచన వస్తుంది: దీన్లో గట్టి ఇంజిన్ పడితే ఎలా ఉంటుంది? వెంటనే క్రేట్ ఇంజిన్ల (పెట్టెలో కొత్తగా అమ్మే పూర్తి ఇంజిన్ల) ధరలు చూస్తారు. షెవ్రొలే అమ్మే ఎల్ఎస్3 క్రేట్ ఇంజిన్ 430 హెచ్‌పీ ఇస్తుంది. కానీ దాని ధరకు ఒక వాడిన కారే వచ్చేస్తుంది. కంప్యూటర్, వైరింగ్, గేర్‌బాక్స్ దానికి అదనం. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఆగక్కర్లేదు. 1999 నుంచి 2007 దాకా జనరల్ మోటార్స్ (జీఎం) తన సిల్వరాడో, సియెరా, టాహో, సబర్బన్, యూకాన్ బండ్లలో ఎల్ఎం7 అనే 5.3 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెట్టింది. లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి ఏ ఊరి జంక్‌యార్డుకు వెళ్లినా కనిపిస్తుంది. బ్లాక్ పోత ఇనుము. కంపెనీ లెక్క ప్రకారం ఏడాదిని బట్టి 270 నుంచి 295 హెచ్‌పీ. కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు, పొట్టిగా కామ్), స్ప్రింగులు, హెడర్లు (పొగ బయటికి పంపే గొట్టాలు), ట్యూనింగ్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు) సరిగ్గా కుదిరితే ఫ్లైవీల్ దగ్గర 380 ప్రాంతానికి వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తక్కువ డబ్బులో పని కావాలంటే ఈ ఇంజిన్ కింది భాగం, అంటే క్రాంక్, రాడ్లు, పిస్టన్లు, విప్పకూడదు. బాగున్న ఇంజిన్‌ని వెతికి పట్టుకోవడం మీదే మీ శ్రమంతా పెట్టండి. బాగాలేనిది బాగుచేయడానికి పెట్టే డబ్బుతో బాగున్నవి రెండు మూడు కొనవచ్చు.

లెక్క ముందు, ఇంజిన్ తర్వాత

ఇంజిన్ 700 డాలర్లకు దొరికిందని సంబరపడేవాళ్లు మిగతా బిల్లు చూసి కంగారు పడతారు. రేట్లు ఊరిని బట్టి, రోజును బట్టి మారతాయి గానీ సుమారుగా ఇలా ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్, కంప్యూటర్ అన్నీ కలిపి 1,200. కామ్ 400. వాల్వ్ స్ప్రింగులు, సీళ్లు, పుష్‌రాడ్లు 300. ఆయిల్ పంప్, టైమింగ్ చైన్, గాస్కెట్లు 350. వాడిన పెద్ద ఇంజెక్టర్లు 150. మీ కారుకు సరిపడే ఆయిల్ పాన్, మౌంట్లు 350. ఫ్యూయల్ పంప్, లైన్లు 300. వైరింగ్ మీరే సరిచేసుకుంటే 150. ట్యూనింగ్ 500. హెడర్లు, ఎగ్జాస్ట్ 600. రేడియేటర్, ఫ్యాన్లు 350. మొత్తం 4,650. మిగిలిన 350 మీరు ఊహించని ఖర్చుకు. అది తప్పకుండా వస్తుంది.

చూడండి, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపినా వాటా పావు వంతే. 200 డాలర్లు తక్కువకు వస్తోందని అనుమానమున్న ఇంజిన్ కొనడం ఎందుకు దండగో ఈ లెక్కే చెబుతుంది.

ఇంకో మాట. మీరుండే చోట రూల్స్ చూసుకోండి. కాలిఫోర్నియాలో ఇంజిన్ మారిస్తే కొత్త ఇంజిన్ కారు కంటే పాత ఏడాదిది కాకూడదు, దాని పొల్యూషన్ పరికరాలన్నీ ఉండాలి, తనిఖీ చేసే రిఫరీ దగ్గర పాస్ కావాలి. వేసే కామ్‌కు కూడా అక్కడి అనుమతి నంబరు ఉండాలి. టెక్సస్‌లో డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల కౌంటీల్లో ఎమిషన్ టెస్టు ఉంది గానీ 24 ఏళ్లు దాటిన బండ్లకు వర్తించదు. అందుకే అక్కడి వాళ్లు పాత బండ్లే ఎంచుకుంటారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కొత్త కాలనీల్లో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బెడద వేరే. డ్రైవ్‌వేలో ఇంజిన్ హాయిస్ట్ కనిపిస్తే మరుసటి వారమే ఉత్తరం రావచ్చు. తలుపు మూసుకుని పని చేసుకునే గరాజ్ లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

ఇదే పని ఇండియాలో చేయించుకుందాం అనుకునేవాళ్లకు ఒక్క ముక్క: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఓ అనుమతి లేకుండా ఇంజిన్ మార్చకూడదు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేస్ ట్రాక్‌కే పరిమితమైన కారు అయితే సంగతి వేరు.

ఏ ఇంజిన్ కావాలో, ఏది వద్దో

విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య)లో ఎనిమిదో అక్షరం చూడండి. ఈ తరం ట్రక్కుల్లో టి ఉంటే అది ఎల్ఎం7. జెడ్ ఉంటే అదే 5.3 ఇంజిన్‌కి ఫ్లెక్స్ ఫ్యూయల్ (ఇథనాల్ కలిపిన పెట్రోలుతోనూ నడిచే) రూపం, నిశ్చింతగా తీసుకోవచ్చు, ఇంజెక్టర్లు కూడా పెద్దవి. వి ఉంటే 4.8 లీటర్ల చిన్న తమ్ముడు. యు గానీ ఎన్ గానీ ఉంటే 6.0. అందరూ వాటి కోసమే ఎగబడుతున్నారు కాబట్టి ధర బాగా పెరిగింది, మన బడ్జెట్‌లో వదిలేయడమే మంచిది.

బి కనిపిస్తే మాత్రం ఆగండి. అది 2005–2007 మధ్య కొద్ది ట్రక్కుల్లోనే వచ్చిన ఎల్33. అల్యూమినియం బ్లాక్, ఫ్లాట్ పిస్టన్లు, 799 నంబరు హెడ్లు, కంపెనీ నుంచే 310 హెచ్‌పీ. ఇనుప బ్లాక్ కంటే దాదాపు 40 కిలోలు తక్కువ బరువు. అందుబాటు ధరకు దొరికితే రెండో ఆలోచన వద్దు.

ఇంజిన్ ఇప్పటికే బండి నుంచి దింపేసి ఉంటే చిక్కు వస్తుంది. బ్లాక్ వెనక 4.8, 5.3 అని రెండు అంకెలూ పోతపోసి ఉంటాయి, దాన్ని బట్టి ఏమీ తేలదు. స్పార్క్ ప్లగ్ తీసి బోర్‌స్కోప్ కెమెరా దింపండి. పిస్టన్ పైభాగం గిన్నెలా లోపలికి ఉంటే 5.3, బల్లపరుపుగా ఉంటే 4.8. ఎల్33కి కూడా బల్లపరుపే గానీ దాని బ్లాక్ అల్యూమినియం, అయస్కాంతం అంటుకోదు.

2007 తర్వాతి కొత్త మోడల్ ట్రక్కుల 5.3లలో ఎక్కువ వాటికి పెట్రోలు ఆదా కోసం నాలుగు సిలిండర్లు ఆపేసే ఏర్పాటు ఉంది. 1, 4, 6, 7 సిలిండర్ల లిఫ్టర్లు (కామ్ కదలికను వాల్వుల వైపు పంపే భాగాలు) ప్రత్యేకమైనవి, అవి పాడవడం మామూలు. పాడైతే కామ్‌ని కూడా తినేస్తాయి. ఆ ఏర్పాటు తీసేయడానికి లిఫ్టర్లు, వాటి ట్రేలు, వ్యాలీ కవర్, హెడ్ గాస్కెట్లు అన్నీ మార్చాలి. వాటి రాడ్లు గట్టివన్నది నిజమే. కానీ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఆలోచన లేనివాళ్లకు ఆ బలంతో పనిలేదు.

ఇంకో ప్రమాదం 706 నంబరు హెడ్లలో ఉంది. వాటిలో క్యాస్టెక్ అనే గుర్తు ఉన్నవి కొన్ని లోపల సన్నగా పగులుతాయి. బయటికి ఒక్క చుక్క కారదు, కూలెంట్ మాత్రం నూనెలో కలుస్తూ ఉంటుంది. వాల్వ్ కవర్ తీస్తే గుర్తు కనిపిస్తుంది. కనిపించిన ప్రతిదీ పాడైపోయినట్టు కాదు గానీ, పక్కనే ఇంకో ట్రక్కు ఉండగా రిస్క్ ఎందుకు?

యార్డులో

బాగున్న ఇంజిన్‌ని పట్టుకునేది ఇక్కడే. తొందర పడకండి.

మొదట ఆ ట్రక్కు యార్డుకు ఎందుకు వచ్చిందో ఊహించండి. వెనక నుంచి గుద్దేసి ఉంటే, ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని ఉంటే, ఆ రోజు ఉదయం దాకా బండి నడిచిందని అర్థం. శరీరం మీద ఒక్క గీత లేకుండా, సీట్లు బాగుండి, నాలుగు టైర్లూ కొత్తగా ఉంటే అనుమానించండి. యజమాని వదిలించుకోవడానికి కారణం బానెట్ కిందే ఉండొచ్చు. డోర్ పక్కన ఆయిల్ మార్చిన స్టిక్కర్ ఉందా, గ్లవ్‌బాక్స్‌లో బిల్లులున్నాయా చూడండి. మైలేజీ 1,50,000 దాటినా భయం లేదు, నూనె మారుస్తూ వచ్చి ఉంటే ఈ ఇంజిన్లు అంతకు ఎంతో ఎక్కువ తిరుగుతాయి.

తర్వాత ఆయిల్ మూత తీయండి. లోపల లేత గోధుమరంగు జిడ్డు మామూలే. నల్లటి గట్టి మడ్డి గానీ పాలు కలిసినట్టు తెల్లటి నురగ గానీ ఉంటే వదిలేయండి. డిప్‌స్టిక్ నూనెను తెల్ల కాగితం మీద రుద్ది ఎండలో చూడండి. మెరిసే రేణువులుంటే బేరింగులు పోతున్నాయి. ఎనిమిది ప్లగ్గులూ తీసి వరసలో పెట్టండి, ఏడు ఒకలా ఒకటి ఇంకోలా ఉంటే ఆ సిలిండర్‌లో కెమెరా దింపండి. గోడల మీద అడ్డదిడ్డంగా కనిపించే సన్నటి హోనింగ్ గీతలు కంపెనీ నుంచి వచ్చినవే, అవి ఉండటం మంచిది. నిలువుగా, గోరు తగిలేంత లోతు గీతలు చెడ్డవి. క్రాంక్ బోల్టుకు 24 మిల్లీమీటర్ల సాకెట్ వేసి రెండు చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టకూడదు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టులు విరిగి ఉండటం ఈ ఇంజిన్లకు ఊరంతా తెలిసిన జబ్బు. దాన్ని చూపించి బేరమాడండి, భయపడకండి. హెడర్లు వేసేటప్పుడు ఎలాగూ తీయాల్సిందే.

మీరే విప్పుకునే యార్డులో ప్రతి వస్తువుకూ విడిగా రేటుంటుంది. అయినా ఇవన్నీ ఒకే బండి నుంచి తీసుకోండి: కంప్యూటర్, మొత్తం వైరింగ్, కాయిల్స్, ఎయిర్ ఫ్లో సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్లు, స్టార్టర్, ఆల్టర్నేటర్, బ్రాకెట్లు, ఫ్లెక్స్‌ప్లేట్, దాని బోల్టులు. 2003 నుంచి వచ్చిన చాలా ట్రక్కులకు యాక్సిలరేటర్ కేబుల్ ఉండదు, తీగ ద్వారానే పనిచేస్తుంది. అలాంటిదైతే పెడల్‌నీ, ఫైర్‌వాల్ మీద ఉండే థ్రాటిల్ మాడ్యూల్‌నీ కూడా తీసుకోవాలి. అవి కంప్యూటర్‌తో జత కలవాలి, వేర్వేరు బండ్లవి కలిపితే తలనొప్పి. వైరింగ్ కత్తిరించకండి. ఓపిగ్గా ఒక్కో కనెక్టరూ విప్పుకుంటూ రండి. ఎంత విసుగైనా తర్వాత దాని విలువ తెలుస్తుంది. సెలవు వారాంతాల్లో కొన్ని యార్డులు సగం ధరకే ఇస్తాయి, ఆ రోజుల కోసం ఆగినా నష్టం లేదు.

విప్పి పెట్టిన ఇంజిన్ అమ్మే యార్డులో ధర ఎక్కువ, కానీ నెల నుంచి మూడు నెలల గ్యారంటీ ఇస్తారు. చేతిలో సమయం లేనివాళ్లకు అదే నయం. ఆన్‌లైన్‌లో ఎవరో 'బిల్ట్ ఇంజిన్' అని అమ్మేవి మాత్రం మెషిన్ షాప్ కొలతల కాగితం, విడిభాగాల బిల్లులు చూపించకపోతే మామూలు పాత ఇంజిన్ ధరకు మించి ఒక్క డాలరు పెట్టకండి.

ఇంటికి వచ్చాక: కొలతలు

అన్నీ తగిలించిన ఇనుప 5.3 బరువు 250 కిలోలకు పైనే. చవక స్టాండు మీద పెట్టి కింద చేయి పెట్టకండి.

స్టార్టర్ తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. అతి తక్కువ సిలిండర్ అతి ఎక్కువ సిలిండర్‌లో 70 శాతానికి తగ్గకూడదు, ఏదీ 100 పీఎస్ఐకి దిగకూడదు అన్నది జీఎం కొలమానం. మనం కాస్త కఠినంగా ఉందాం, తేడా 15 శాతం లోపు ఉండాలి. లీక్‌డౌన్ మీటర్ (సిలిండర్‌లోకి గాలి పట్టి ఎంత శాతం కారుతోందో చూపేది) ఉంటే ఇంకా మంచిది: 10 శాతం లోపైతే ముందుకు వెళ్లండి, 20 దాటితే గాలి ఎక్కడి నుంచి పోతోందో వినండి. ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే వాల్వ్, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు.

రింగులైతే ఏం చేయాలి? ఇక్కడే చాలామంది బడ్జెట్ దాటేస్తారు. బోరింగ్, కొత్త పిస్టన్లు, బేరింగులు, మెషిన్ షాప్ కూలీ అన్నీ కలిపితే 2,000 డాలర్లు తేలిగ్గా దాటుతుంది. ఆ బ్లాక్‌ని తుక్కుకు అమ్మేసి ఇంకో ఇంజిన్ తెచ్చుకోండి.

ఆయిల్ ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి చూడండి. శుభ్రంగా ఉంటే కింది భాగం జోలికి వెళ్లక్కర్లేదు. పాన్ మాత్రం ఎలాగూ మారుస్తారు కదా, అప్పుడు ఆయిల్ పికప్ గొట్టం దగ్గరుండే ఓ-రింగ్ కొత్తది వేయండి. ఈ ట్రక్కుల్లో నూనె ప్రెషర్ పడిపోయిందంటే చాలాసార్లు గట్టిపడిన ఆ చిన్న రబ్బరే కారణం. పాతదానితో పోల్చి అదే మందం ఉన్నది వేయాలి.

కామ్, స్ప్రింగులు

శక్తి పెరిగేది ఇక్కడ. ఎల్ఎం7 సొంత కామ్ చాలా మెత్తనిది: 0.050 అంగుళాల దగ్గర డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి) 190/191 డిగ్రీలు, లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) 0.460 అంగుళాల చుట్టుపక్కల. బరువు లాగే ట్రక్కు కోసం చేసింది. దాని స్థానంలో ఇన్‌టేక్ 212–218, ఎగ్జాస్ట్ 218–224 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) 112 ఉన్నది వేయండి. లిఫ్ట్ 0.550 దాటకుండా చూసుకోండి. ఎందుకంటే జీఎం ఇంకో వీ8 అయిన ఎల్ఎస్6 వాల్వ్ స్ప్రింగులు ఆ హద్దు దాకా పనిచేస్తాయి, చవక కూడా. పాత ట్రక్కు స్ప్రింగుల మీద కొత్త కామ్ వేయడం ఆత్మహత్యే. పై ఆర్‌పీఎంలో వాల్వ్ తేలిపోయి పిస్టన్‌ని తాకుతుంది.

పక్కింటి కుర్రాడి ఇంజిన్‌లా గుడగుడలాడాలని 230 డిగ్రీల కామ్ ఆర్డర్ చేయకండి. 5.3 లీటర్లకు అది ఎక్కువ. కింద టార్క్ పోతుంది, టార్క్ కన్వర్టర్ మార్చాలి, గేర్లు మార్చాలి, బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ చాలదు.

ఈ ఇంజిన్‌లో గొప్ప సదుపాయం ఒకటుంది. హెడ్లు విప్పకుండానే కామ్ మార్చవచ్చు. పుష్‌రాడ్లు తీసేశాక కామ్‌ని కొన్ని చుట్లు తిప్పితే లిఫ్టర్లు పైకి వెళ్లి ప్లాస్టిక్ ట్రేలలో నిలబడతాయి. ట్రేలు పాతవైతే పట్టు తప్పి లిఫ్టర్ జారిపోవచ్చు, అప్పుడు పాన్ విప్పడమే గతి. అందుకని ముందువైపు రంధ్రాల్లోంచి 5/16 అంగుళాల ఉక్కు కడ్డీలు రెండు లోపలికి తోసి లిఫ్టర్లకు ఆసరాగా ఉంచండి. కామ్‌ని రెండు చేతులతో, బేరింగులకు గీరుకోకుండా నిదానంగా బయటికి లాగండి.

టైమింగ్ గుర్తులు: క్రాంక్ చుక్క పైకి, కామ్ చుక్క కిందికి, రెండూ ఎదురెదురుగా ఉండాలి. చైన్, ఆయిల్ పంప్ ఇప్పుడే మార్చేయండి, మళ్లీ ఇంతదాకా రావడం కష్టం. స్ప్రింగులు మార్చేటప్పుడు ఆ సిలిండర్‌ని పై స్థానానికి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టి ఉంచితే వాల్వ్ కిందికి పడదు. కంపెనీ పుష్‌రాడ్ పొడవు 7.400 అంగుళాలు. హెడ్లు కోయించకపోతే, మీ కామ్ తయారీదారు వేరే చెప్పకపోతే అదే పొడవులో గట్టివి కొనండి. రాకర్ బోల్టులు 22 ఫుట్-పౌండ్లు.

క్రాంక్ ముందు చివర ఉండే డాంపర్ (బెల్టు తిరిగే చక్రం)కు కీ ఉండదు, బిగుతు మీదే నిలబడుతుంది. కాబట్టి పాత బోల్టుతో 240 ఫుట్-పౌండ్లకు లోపలికి దించి, అది తీసేసి, కొత్త బోల్టు 37 ఫుట్-పౌండ్లు బిగించి ఆపై 140 డిగ్రీలు తిప్పాలి. ఇంపాక్ట్ గన్‌తో గుంజేసి వదిలేస్తే డాంపర్ జారే ప్రమాదం ఉంది.

ఇంధనం, వైరింగ్, ట్యూనింగ్

ఎల్ఎం7 ఇంజెక్టర్లు గంటకు సుమారు 25 పౌండ్ల పెట్రోలు పోస్తాయి. ఎనిమిదింటికి 200. అందులో 85 శాతమే వాడాలి, ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు అర పౌండు చొప్పున లెక్కేస్తే 340 దగ్గర ఆగిపోతుంది. మనం 380 అనుకుంటున్నాం కాబట్టి ఫ్లెక్స్ ఫ్యూయల్ ట్రక్కువి తెచ్చుకోండి. లైన్‌లో ప్రెషర్ 58 పీఎస్ఐ ఉండాలి. కార్బురేటర్ కారు పాత పంప్, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు, మంటలు అంటుకుంటాయి. 1999–2004 కార్వెట్‌లో వచ్చిన, రెగ్యులేటర్ కలిసి ఉండే ఫిల్టర్‌ని ట్యాంకు దగ్గర పెడితే ఇంజిన్ దాకా ఒక్క లైను చాలు.

వైరింగ్‌లో ట్రక్కుకు మాత్రమే పనికొచ్చే తీగలు తీసేసి, కరెంటు, ఎర్త్, ఫ్యూయల్ పంప్ రిలే, ఫ్యాన్లు, డయాగ్నోస్టిక్ ప్లగ్ ఉంచుకోవాలి. ఎర్త్ తీగలు మాత్రం పిసినారితనం లేకుండా లావుగా వేయండి. కంప్యూటర్‌లో దొంగతనం అడ్డుకునే లాక్‌ని ట్యూనింగ్‌లో ఆపేయకపోతే ఇంజిన్ స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతుంది.

కంప్యూటర్ సెట్టింగులు మార్చే హెచ్‌పీ ట్యూనర్స్ పరికరం, గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటే మీరే నేర్చుకోవచ్చు. ఓపిక లేకపోతే ఫైల్ మెయిల్‌లో పంపే ట్యూనర్‌ని పట్టుకోండి. ఎలాగైనా, ఫుల్ థ్రాటిల్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తి 12.6–12.8 దగ్గర ఉందని, నాక్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) లేదని చూసుకున్నాకే గట్టిగా తొక్కండి.

ఇన్‌టేక్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ట్రక్కుది పొడవైనది, చూడటానికి బాగుండదు, కానీ 6,000 ఆర్‌పీఎం లోపు దానికి వంక పెట్టలేం. బానెట్ మూసుకుంటుంటే దాన్నే ఉంచేయండి.

ఇక టర్బో అడుగుతారని తెలుసు. ఇంజిన్లను పరీక్షించి చూపించే రిచర్డ్ హోల్డెనర్ జంక్‌యార్డు 4.8కే రెండు టర్బోలు పెట్టి డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద 1,200 హెచ్‌పీ దాటించాడు. అది చూసి అందరూ మొదలుపెడతారు. ఆయన పిస్టన్ రింగుల గ్యాప్ (రింగు చివర్ల మధ్య ఖాళీ) పెంచి కట్టాడన్న సంగతి మర్చిపోతారు. కంపెనీ గ్యాప్‌తో బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) ఎక్కువిస్తే వేడికి రింగు చివర్లు ఒకదాన్నొకటి నెట్టుకుని పిస్టన్ అంచులు విరుగుతాయి. గ్యాప్ పెంచాలంటే కింది భాగం విప్పాలి, అది వేరే బడ్జెట్.

మొదటి స్టార్ట్

ఈ ఇంజిన్ ఆయిల్ పంప్ క్రాంక్‌తో తిరుగుతుంది, పాత వీ8లలా డ్రిల్లు మెషిన్‌తో నూనె ఎక్కించలేం. పంప్‌లో కాస్త నూనె పోసి, ఇంజెక్టర్ల, కాయిల్స్ ఫ్యూజులు తీసి, గేజ్‌లో ప్రెషర్ కనిపించే దాకా మధ్యమధ్యలో స్టార్టర్‌కు విరామం ఇస్తూ తిప్పండి. హెడ్ల మధ్య ఉండే చిన్న ఆవిరి గొట్టాన్ని రేడియేటర్ పైభాగానికి కలపడం మర్చిపోవద్దు. అది మూసేస్తే గాలి ఇరుక్కుని హెడ్లు వేడెక్కుతాయి.

రోలర్ లిఫ్టర్లు కాబట్టి పాత ఫ్లాట్ కామ్‌లలా 20 నిమిషాలు 2,000 ఆర్‌పీఎంలో ఉంచే తంతు అవసరం లేదు. స్టార్ట్ అయ్యాక లీకులు చూడండి, ఫ్యాన్లు తిరిగే దాకా వేడెక్కనివ్వండి. వేడి మీద ఐడిల్‌లో 25–40 పీఎస్ఐ నూనె ప్రెషర్ ఉంటే సంతోషించండి. కొన్ని సెకన్లు లిఫ్టర్ల చప్పుడు వస్తే పర్వాలేదు. రెండు నిమిషాలైనా ఆగకపోతే ఆపేసి పుష్‌రాడ్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి.

మొదటి 100 మైళ్లలో హెడర్ బోల్టులు చల్లారాక మళ్లీ బిగించండి. 500 మైళ్లకు నూనె మార్చి ఆ ఫిల్టర్‌ని కూడా కోసి చూడండి. ట్రక్కుతో వచ్చిన 4ఎల్60ఈ గేర్‌బాక్స్ 380 హెచ్‌పీని మోస్తుంది గానీ వేడికి తాళదు, కాబట్టి ఆ వారమే దానికి విడిగా ఒక కూలర్ తగిలించి కొత్త ఫ్లూయిడ్ పోయండి.